పుల్లాకుల పేరు

నా పేరు పుల్లారావు. ఈ వయసులో చెప్పుకోవడానికి మొహమాటం ఏమీ లేదు గాని, పదిహేనేళ్ళప్పుడు మాత్రం ఈ పేరును గోదావరిలో వదిలేసి, మూడు మునకలు వేసి, తడిబట్టలతో కొత్త పేరు పెట్టుకుని ఇంటికి రావాలని ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం మా ఊరి కాలువ గట్టు మీదకు సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని పుల్లయిసు అమ్మే మనిషి వచ్చేవాడు. గంట వినపడగానే బడి అరుగు మీద కూర్చున్న పిల్లలందరూ నా వైపు తిరిగి "ఒరే, నిన్నే పిలుస్తున్నారు" అనేవారు. మజ్జిగ పులిసినా నేనే. మామిడికాయ కొరికి ఎవరైనా మొహం చిట్లించినా నేనే. పొయ్యిలోకి పుల్లలు కావాలన్నా నేనే.

నిజానికి ఇంట్లో పెట్టిన పేరు పుల్లయ్య. ఒకటో తరగతిలో వేసిన రోజున మాస్టారు "అయ్యలు పాతబడిపోయారు, రావు పెడదాం" అని రిజిస్టరులో పుల్లారావు అని ఎక్కించారు. ఆ రోజుల్లో సగం ఊరికి పేర్లు, పుట్టినరోజులు ఆయన కలమే పెట్టింది. మా ఈడు పిల్లల్లో చాలామంది జూన్ నెలలో, జూలై నెలలో ఎందుకు పుట్టారో ఆ కలాన్నే అడగాలి. నా విషయంలో ఆయన తోక మార్చారు, తల అలాగే ఉంచేశారు.

1972లో పదో తరగతి పరీక్షకు దరఖాస్తు నింపుతున్నప్పుడు, ఇదే ఆఖరి అవకాశమని తెలిసి, ప్రభాకర్ అని మార్చుకుంటానని ఇంట్లో చెప్పాను. నాన్న పేపరులోంచి తల ఎత్తకుండానే "సరే" అన్నారు. వంటింట్లో కొబ్బరి కోరుతున్న మామ్మ మాత్రం కోరాము మీద నుంచి లేచి వచ్చింది. మామ్మ ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది కాదు. ఆ రోజూ మాట్లాడలేదు. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి అరటిచెట్ల దగ్గర నిలబెట్టి, "నువ్వు నాకు దొరికింది ఇక్కడే" అంది.

నాకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారట. ఒకడికి రాజా అని, రెండోవాడికి చంద్రం అని పేర్లు పెట్టుకున్నారు. ఒకడు ఏడాది నిండకుండా, ఒకడు నడక నేర్చాక. "ముద్దుగా పిలుచుకున్నాం. విన్నవాళ్ళకు ఆశ పుట్టి ఎత్తుకుపోయారు" అంది మామ్మ. ఎవరని నేను అడగలేదు. అందుకని నేను పుట్టాక బారసాల రోజున, భోజనాలై విస్తళ్ళు ఎత్తి పెరట్లో పడేశాక, ఆ ఎంగిలాకుల మధ్య నన్ను పడుకోబెట్టి అటూ ఇటూ దొర్లించి ఆవిడ వెనక్కి వచ్చేసింది. ముందే చెప్పి ఉంచిన పక్కింటావిడ ఏమీ తెలియనట్టు వచ్చి, "అయ్యో, ఎవరి బిడ్డో పుల్లాకుల్లో పడి ఉన్నాడు" అంటూ ఎత్తుకుంది. మామ్మ సోలెడు తవుడు ఆవిడకు ఇచ్చి నన్ను కొనుక్కుంది.

"పుల్లాకుల్లో దొరికినవాణ్ణి, తవుడుకు కొన్నవాణ్ణి ఎవరు పట్టుకుపోతారు రా? ఇప్పుడు నువ్వు ప్రభాకర్ అని రాసుకుంటే వాళ్ళకు చిరునామా దొరుకుతుంది."

దరఖాస్తులో పుల్లారావు అనే రాశాను.

తిని వదిలిన విస్తరిని పుల్లాకు అంటారని, పుల్లి విస్తరి అని కూడా అంటారని ఇప్పటి పిల్లలకు చెప్పాలి. విస్తరే లేనప్పుడు దాని ఎంగిలికి మాట ఎక్కడ మిగులుతుంది? నా పేరుకు చుట్టాలు చాలామందే ఉన్నారు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ. ఇరుగుపొరుగు దగ్గర బిచ్చం ఎత్తి, ఆ గుడ్డలు తొడిగితే భిక్షాలు, భిక్షమయ్య. ఉత్తరాన విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళితే నేరుగా తవుడు, తవిటయ్య, తవిటమ్మ. నన్ను కొన్న వస్తువు పేరే వాళ్ళకు పెట్టేశారు. ఆ లెక్కన నేను ఒక మెట్టు పైనే ఉన్నాను.

ఆ తరవాత ఆరేళ్ళకు తపాలా శాఖలో ఉద్యోగం వచ్చింది. మొదట బట్వాడా, తరవాత కౌంటరు, చివరికి పోస్టుమాస్టరు. 2016లో పదవీ విరమణ చేసే దాకా కోనసీమ దాటి పోలేదు. పేరంటే పడనివాడికి రోజంతా పేర్లు చదివే ఉద్యోగం ఇచ్చాడు దేవుడు. ముప్పై ఎనిమిదేళ్ళు సంచిలో మోసింది కాగితాలని నేను అనుకోను, పేర్లే.

మొదటి నెలలో నన్ను ఏడిపించింది అన్నవరం సత్యదేవుడు. ఆయన కొండ మాకు దగ్గరే, పెళ్ళి కాగానే వ్రతం, బిడ్డ పుట్టగానే మొక్కు. నలభై ఇళ్ళున్న ఒక్క వీధిలో తొమ్మిది మంది సత్యనారాయణలు ఉండేవారు. సత్తిరాజు, సత్తిబాబు, సత్తిపండు, పెద్ద సత్తియ్య అని పిలుపులు వేరే అయినా కవరు మీద మాత్రం అందరూ సత్యనారాయణే. ఇంటిపేరు రాయడం ఉత్తరం రాసేవాడికి బద్ధకం. ఒకసారి పెళ్ళి సంబంధం గురించి వచ్చిన ఉత్తరం ఒక సత్యనారాయణ గారికి ఇవ్వబోయి ఇంకో సత్యనారాయణ గారికి ఇచ్చాను. ఆయనకూ పెళ్ళికెదిగిన కొడుకు ఉన్నాడు. వెళ్ళి పిల్లను చూసి వచ్చారు, కుదిరిపోయింది. ఉత్తరం అందని సత్యనారాయణ గారు నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. పెళ్ళి జరిగిన సత్యనారాయణ గారు మాత్రం ఏటా కొత్త ఆవకాయ పంపేవారు.

ఊళ్ళ పేర్లే మనుషుల పేర్లయితే ఇంకా తమాషా. అన్నవరం, సింహాచలం, భద్రాచలం, శ్రీశైలం, తిరుపతి, కాశీ అందరూ మా బీటులో ఉండేవారు. 'భద్రాచలం గారికి' అన్న ఉత్తరం ఒకటి నిజంగానే భద్రాచలం వెళ్ళి, గోదావరిని ఎగువ దాకా చూసి, పది రోజులకు తిరిగి వచ్చింది. ఇచ్చినప్పుడు ఆయన కళ్ళకద్దుకుని, "నేను పోలేకపోయినా నా పేరు వెళ్ళి దర్శనం చేసుకొచ్చిందయ్యా" అన్నారు.

పేర్ల అర్థాల మీద పిచ్చి నాకు పట్టించింది మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు.

మా పంటకాలువకు ఇవతల భ్రమరాంబ గారు, అవతల పేటలో దెబోరమ్మ గారు. మధ్యలో తాటిపట్టె వంతెన. భ్రమరాంబ గారిది పెంకుటిల్లు, వాకిట్లో సన్నజాజి పందిరి. దెబోరమ్మ గారు కొబ్బరి దింపుల దగ్గర డొక్కలు వలిచే పని చేసేవారు. ఇద్దరికీ నెలనెలా మనియార్డరు వచ్చేది, ఒకరికి కొడుకు దగ్గర నుంచి, ఒకరికి తమ్ముడి దగ్గర నుంచి. ఇద్దరూ సంతకం బదులు వేలిముద్రే. ఒక రోజు పేట పాస్టరు గారు స్టాంపులు కొనడానికి వచ్చి, బల్ల మీద ఆరబెట్టిన ఆ రెండు ఫారాలు పక్కపక్కన చూసి నవ్వారు. ఆయన బైబిలు కళాశాలలో కొంత హీబ్రూ చదువుకున్నారు.

"మాస్టారూ, దెబోరా అంటే హీబ్రూలో తేనెటీగ. మరి భ్రమరం అంటే?"

నేను చేతిలో ముద్ర అలాగే పట్టుకుని ఉండిపోయాను. శ్రీశైలంలో అమ్మవారు తుమ్మెదై వెలసిందని చిన్నప్పటి నుంచి విన్నదే, ఆ కథను ఈ ఫారాల పక్కన పెట్టాలని తోచలేదు. రెండు వేలిముద్రలూ ఒక జాతి రెక్కలవే! ఆ సాయంత్రం బట్వాడాకు వెళ్ళి ఇద్దరికీ చెప్పాను. భ్రమరాంబ గారు "మంచి మాట చెప్పావు నాయనా" అని రెండు జామకాయలు ఇచ్చారు. దెబోరమ్మ గారు మాత్రం డొక్క వలుస్తూనే, "అందుకేనన్నమాట ఊరికే కూర్చోనివ్వదు" అన్నారు.

ఆ రోజు నుంచి ఒక పాత లెడ్జరు వెనక పేజీల్లో పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. పాస్టరు గారే నా నిఘంటువు. ఇస్సాకు అంటే నవ్వు. ముసలితనంలో బిడ్డ పుడతాడంటే శారా నవ్విందట, అదే బిడ్డకు పేరైంది. మా ఇస్సాకు గారు కాలువ లాకుల దగ్గర పని చేసేవారు, ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. రాహేలు ఆడగొర్రె, యోనా పావురం. తోమా అంటే కవలల్లో ఒకడు, అది అరమాయిక్ మాట. పేతురు అంటే రాయి, ఫిలిప్పు అంటే గుర్రాలంటే ఇష్టపడేవాడు, ఈ రెండూ గ్రీకు మాటలు. మా ఫిలిప్పుకు రెండు దున్నపోతులుండేవి. ఇంగ్లండు నుంచి 1836లో బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు వైపు సువార్త చెప్పడం మొదలుపెట్టాక ఈ పేర్లు మా కాలువల వెంట ఊరూరికీ వచ్చాయి. వచ్చి ఊరికే ఉండలేదు, అమ్మలు, గార్లు తగిలించుకుని మా ఊరివే అయిపోయాయి. వాటి పక్కనే కృపావరం, దయామణి, ఆశీర్వాదం, సువార్తమ్మ అని అచ్చంగా ఇక్కడ మొలిచినవి వేరే. పిలిస్తేనే ప్రార్థన చేసినట్టుండే పేర్లు.

ఇటు అగ్రహారంలో అలివేలమ్మ గారని ఒక పెద్దావిడ ఉండేవారు. ఆ పేరు తెలుగనే అనుకునేవాణ్ణి. 'అలర్ మేల్ మంగై' అన్న తమిళ మాట నలిగి అలా అయిందని ఒక ఆచార్యులు గారు చెప్పారు. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద. పువ్వు మీద కూర్చున్న అమ్మ. తాయారు అన్నా అమ్మే, అదీ అరవమే. ఆవిడకు ఈ సంగతి చెబితే, "పువ్వు మీద కూర్చోవడమా! ఈ ఇంట్లో అడుగు పెట్టాక పీట మీద కూర్చోవడానికే తీరిక దొరకలేదు" అన్నారు.

1986 ఆగస్టు వరద మా వైపు వాళ్ళందరికీ ఒక తారీఖు. మా పెళ్ళి వరదకు ముందు, మా పెద్దాడు వరద తరవాత, అలా లెక్క. ధవళేశ్వరం దగ్గర అంత నీరు అంతకుముందు ఎవరూ చూడలేదు. లంక గ్రామాలకు ఉత్తరాలు నాటుపడవలో తీసుకెళ్ళాను. ఉత్తరాల కన్నా అటుకుల సంచులే ఎక్కువ మోశాను. ఒక లంకలో బడి మేడ మీద తలదాచుకున్నవాళ్ళలో ఒకావిడకు అక్కడే కాన్పయింది. మగపిల్లవాడు. వరదరాజు అని పేరు పెట్టారు. వరదలో పుట్టాడు కాబట్టి వరదరాజు అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. వరాన్ని ఇచ్చేవాడు వరదుడు, కంచిలో ఉన్న స్వామి ఆయనేనని తరవాత ఆచార్యులు గారు అంటే, అదే నెపంగా మళ్ళీ ఆ లంకకు వెళ్ళినప్పుడు పిల్లవాడి తల్లిని అడిగాను. ఆవిడకు రెండు అర్థాలూ తెలుసు. "ఇల్లు పట్టుకుపోయింది, వీణ్ణి ఇచ్చింది. రెండూ నిజమే కదండీ" అంది.

అన్ని పేర్లూ ఇంత బరువైనవి కావు. ఎర్రజెండా ఊళ్ళలో స్టాలిన్, లెనిన్, గగారిన్ ఉండేవారు. స్టాలిన్ అంటే ఉక్కుమనిషి, అది ఆయన తనకు తాను పెట్టుకున్నది. గోర్కీ కూడా అంతే, అసలు పేరు పెష్కోవ్, పెట్టుకున్న పేరుకు రష్యన్‌లో అర్థం చేదు. ఆ చేదు పేరున్నాయన ఒకరు ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మేవారు. బెల్లం పూతరేకు చేతిలో పెట్టి ఆయన నా నోటితో అర్థం విన్నారు. కాసేపు ఆలోచించి, "బోర్డు మీద రాయకండి" అన్నారు. మా ఆడపిల్లల బడిలో ఒక టీచరు గారి పేరు వాలెంటీనా, 1963లో అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి మహిళ పేరు. అది లాటిన్ మాట, బలమైనది అని. ఆవిడ చేతి బెత్తం తిన్నవాళ్ళకు నిఘంటువుతో పని లేదు.

కాటన్ దొర సంగతి కూడా చెప్పాలి, లేకపోతే డెల్టా వాణ్ణి కాను. 1847లో మొదలుపెట్టి 1852కు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మనిషి. గోదావరిలో స్నానం చేస్తూ సంకల్పంలో ఆయన్ను భగీరథుడని తలచుకునే పంతుళ్ళు ఉన్నారు. కాటన్ అంటే పత్తి అనుకుని, దొరవారిది బట్టల వ్యాపారమని చిన్నప్పుడు వాదించుకునేవాళ్ళం. అది ఇంటిపేరు. పాత ఇంగ్లీషులో 'గుడిసెల దగ్గర' అన్న మాట నుంచి వచ్చిన ఊరిపేరు, ఊరిపేరే ఇంటిపేరు అయింది, మన ఇంటిపేర్లు చాలా వాటిలాగే. ఆర్థర్ మాత్రం ఆయన సొంత పేరు. దాన్ని ఎలుగుబంటి అనే పాత కెల్టిక్ మాటతో ముడిపెడతారు, పండితులు ఒక మాట మీదకు రాలేదు. నాకు మాత్రం నచ్చింది. సేతువు కట్టేచోట జాంబవంతుడు ఉండటం మనకు కొత్త కాదు.

యానాం మాకు పొరుగూరే అయినా 1954 దాకా అక్కడ జెండా ఫ్రెంచివాళ్ళది. ఆ ఏడు విమోచనకు ముందు నడిచిన నాయకుడు దడాల రఫేల్ రమణయ్య. రఫేల్ అంటే దేవుడు స్వస్థత ఇచ్చాడని హీబ్రూ అర్థం, రమణయ్య గురించి నేను చెప్పనక్కర్లేదు. మా వైపు ఒక మనిషి పేరులో జెరూసలేము, తిరుమల పక్కపక్కన కూర్చోవడం వింత కాదు.

నా లెడ్జరులో ఎక్కువ పేజీలు తీసుకున్నది మాత్రం ఎస్తేరు.

పేటలో దెబోరమ్మ గారి అక్క కూతురు. ఎనభైల చివర కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. మా కోనసీమ నుంచి అప్పటికే చాలామంది ఆడవాళ్ళు అలా వెళ్ళేవారు. నెలకో ఉత్తరం వచ్చేది. తల్లికి చదువు రాదు, పోస్టాఫీసు అరుగు మీద కూర్చుంటే నేనే చదివి వినిపించేవాణ్ణి. ఒక ఉత్తరంలో, 'మా మేడమ్ పేరు నజ్మా. నక్షత్రమని అర్థమట. ఎస్తేరంటే ఏమిటని అడిగింది, నాకు తెలియదని చెప్పాను, పాస్టరు గారిని అడిగి రాయించు' అని ఉంది. పాస్టరు గారు చెప్పింది నేను రాశాను. పారశీకంలో ఎస్తేరంటే నక్షత్రమేనని చాలామంది అంటారు, బాబిలోను దేవత ఇష్తార్ పేరు నుంచి వచ్చిందని మరో మాట ఉంది. నేను మొదటిదే రాశాను. ఎడారిలో ఒక ఇంట్లో ఒక నక్షత్రం ఇంకో నక్షత్రానికి అన్నం వండుతోందని రాయాలనిపించింది గాని, పోస్టుమాస్టరు ఉత్తరం రాసేవాడే, కవి కాడు. ఆ ఉత్తరానికి జవాబు జూలైలో వచ్చింది. మేడమ్ ఆ రోజు నుంచి తనను నజ్మా అనే పిలుస్తోందట, ఇంట్లో పెద్ద నజ్మా, చిన్న నజ్మా అని.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి.

తల్లి ప్రతి రోజూ పది గంటలకు, సంచి విప్పే వేళకు, వచ్చి కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. సంచి అడుగు దులిపి చూపించాక లేచి వెళ్ళేది. ఆవిడ ఒక్కతే కాదు, సెప్టెంబరుకు అరుగు మీద ఆరుగురు తల్లులు, ఇద్దరు భర్తలు. మన వాళ్ళను జోర్డాన్ తీసుకొచ్చి అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయి చేరుస్తున్నారని పేపర్లలో వచ్చేది. అది చదివి వినిపించేవాణ్ణి, లక్ష మందికి పైగా తెచ్చారంటే ఆ లక్షలో ఉంటుందని అందరూ అనుకునేవారు.

అక్టోబరులో టెలిగ్రాం వచ్చింది. ఆ ముక్క నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. 'ఈస్టర్ బొంబాయి చేరింది.' పంపేవాడు ఎస్తేరును ఇంగ్లీషు చేసి ఒక అక్షరం అటూ ఇటూ కొట్టాడు. అక్టోబరులో ఈస్టరు ఏమిటని ఒక్క క్షణం తెల్లమొహం వేశాను. తరవాత బల్ల మీద నుంచి చెయ్యి తీయడం నా వల్ల కాలేదు. తల్లి ఎదురుగానే ఉంది. "మీ ఎస్తేరు వచ్చేసిందమ్మా" అన్నాను. ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. చీర కొంగు నడుముకు బిగించి, వంతెన మీదుగా పరుగెత్తింది. డెబ్బై ఏళ్ళ మనిషి! ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారు ఆ టెలిగ్రాంనే వాక్యంగా తీసుకున్నారట. తిరిగి లేచి వచ్చిన రోజు పేరే ఈస్టరు కదా అన్నారట.

పదవీ విరమణ అయ్యాక కొడుకు కొనిచ్చిన ఫోనులో పేర్లు వెతకడం అలవాటైంది. మొదట వార్తల్లో విన్న పేర్లు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ పేరు విన్నప్పుడల్లా నాకు కాఫీ గుర్తొచ్చేది. ఘనాలో అకాన్ జాతివాళ్ళు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారని, కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడని, అన్నన్ అంటే నాలుగో సంతానమని తెలిసింది. మధ్యలో అట్టా అని ఇంకో పేరు, కవలల్లో ఒకడని. పేరే బర్త్ సర్టిఫికెట్! మనకూ ఆదివారం ఆదెమ్మ, మంగళవారం మంగమ్మ, లక్ష్మివారం లక్ష్మి ఉన్నారు, వరస సంఖ్య దాకా మనం పోలేదు.

అలా వెతుకుతూ వెతుకుతూ ఒక రాత్రి జపాన్ వెళ్ళాను. పదహారో శతాబ్దం చివర ఆ దేశాన్నంతా ఏలిన హిదెయోషి అనే సేనాని. లేక లేక 1589లో కొడుకు పుడితే సుతె అని పేరు పెట్టాడు. పారేసినవాడు అని అర్థం. ఆ పిల్లవాడు రెండేళ్ళకే పోయాడు. 1593లో ఇంకో కొడుకు పుడితే లాంఛనంగా బయట వదిలించి, కొలువులో ఒకడి చేత ఎత్తించుకు రప్పించి, హిరొయి అని పేరు పెట్టాడు. దొరికినవాడు.

లేచి లైటు వేశాను. మా ఆవిడ "ఏమయిందండీ" అంది. "మామ్మ చేసిందే చేశాడు" అన్నాను. ఎవరంటే చెప్పడం కష్టమయింది.

ఆ తరవాత నెల రోజులు నిద్ర సరిగ్గా పోలేదు. చైనా పల్లెల్లో గౌషెంగ్ అనే పేరుంది, కుక్కలు తినగా మిగిలింది అని. అంటే నా పేరే, కాకపోతే నాది మనుషులు తినగా మిగిలిన ఆకు. తుర్కీలో సతిల్మిష్ అంటే అమ్ముడుపోయినవాడు, మా తవిటయ్యకు అన్నగారు. అక్కడే దుర్సున్ అని ఇంకొకడు, ఉండనీ అని అర్థం. మంగోలియాలో నెర్గూయ్ అంటే పేరు లేదు, ఎనెబిష్ అంటే వీడు కాదు, హున్‌బిష్ అంటే మనిషే కాదు. తలుపు తట్టిన మృత్యువు "లోపల ఎవరు?" అని అడిగితే "ఎవరూ లేరు" అని తల్లి గుమ్మంలోంచి చెప్పే అబద్ధాలు ఇవి. నైజీరియాలో యొరుబా వాళ్ళు అబద్ధం కూడా ఆడరు, నేరుగా బిడ్డ కాళ్ళే పట్టుకుంటారు. మాలోమో, ఇక మళ్ళీ వెళ్ళకు. దురోజయే, ఆగి బతుకు అనుభవించు. ఆ పేరు చదివినప్పుడు మా మామ్మ కోరాము మీద నుంచి లేచి రావడం కళ్ళముందు కదిలింది. ఆవిడ పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు. ఇదంతా కూర్చోబెట్టి చెబితే, "తవుడు ఎంత ఇచ్చారట?" అని అడిగి ఉండేది.

నిరుడు మాకు మనవరాలు పుట్టింది. హస్తా నక్షత్రం, ఒకటో పాదం. పూ, ష, ణ, ఠ అని నాలుగు పాదాలకు నాలుగు అక్షరాలు. మూడో పాదమైతే 'ణ'తో పేరు వెతకాల్సి వచ్చేది, ఆ అక్షరంతో మొదలయ్యే మనిషికి నేను నా సర్వీసులో ఒక్క కార్డు కూడా ఇవ్వలేదు. పంతులు గారు "పూ అక్షరం" అనగానే ఇంట్లో అందరూ నా వైపు చూసి, వెంటనే ఫోన్ల వైపు చూశారు. మావాడు హైదరాబాదు నుంచి ఇరవై పేర్ల జాబితాతో దిగాడు. సగం పేర్లకు అర్థం వాడికీ తెలియదు. మా వీధిలో ఇప్పుడు పిల్లల పేర్లన్నీ ఆ బాపతే, రెండక్షరాలు, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. ఎవరికీ లేని పేరు కావాలంటారు, అందరూ ఒకే చోట వెతుకుతారు. చివరికి పూర్వి అని నిర్ణయమైంది. నాకు నచ్చింది, కాదనను.

బారసాల మా ఊళ్ళోనే. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో వాడు పేరు రాశాడు. భోజనాలకు అరిటాకులే వేయించాను. చేతులు కడుక్కుని వస్తుంటే కోడలు బిడ్డను ఎత్తుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. చదువుకున్న పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం. ఈ బిడ్డకు రెండేళ్ళ ముందు ఒక కాన్పు ఏడో నెలలోనే పోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"మామయ్యగారూ, మీ కథలో ఆ ఆకులు... ఒక్క ఆకు చాలా?"

నేను తిన్న ఆకే తెచ్చాను. తానే దాన్ని ఒకసారి కడిగింది, మళ్ళీ ఏమనుకుందో, ఎంగిలి పోతుందేమోనని అంచు కడగకుండా వదిలేసింది. అరటిచెట్ల కింద తువ్వాలు పరిచి, మీద ఆకు వేసి, బిడ్డను పడుకోబెట్టింది. ఎత్తుకోవడానికి ఎవరు? భ్రమరాంబ గారు ఉన్నారు. ఎనభై దాటాయి, దెబోరమ్మ గారు పోయిన దగ్గర నుంచి కాలువ గట్టుకు కూడా రావడం మానేశారు. కబురు చేయగానే కర్ర పొడుచుకుంటూ వచ్చి, నిన్ననే చేసినంత అలవాటుగా, "ఎవరి బిడ్డో ఇక్కడ పడి ఉందే" అని రాగం తీసి ఎత్తుకున్నారు. ఎత్తుకుని ఇక ఇవ్వరు. "తవుడేదీ?"

ఇంట్లో తవుడు ఎక్కడిది? మాకు పాలు ప్యాకెట్లలో వస్తాయి. మావాడు జేబులోంచి ఫోను తీసి, "మామ్మగారూ, మీ అబ్బాయి నంబరుకు డబ్బు పంపేస్తాను" అన్నాడు.

"ఫోను తవుడు నాకెందుకు రా? సోలెడు తవుడు పెడితేనే పిల్ల."

వీధిలో గేదె ఉన్న ఇల్లు ఒక్కటే మిగిలింది, చివరి ఇల్లు. మావాడు కొత్త పంచె ఎగ్గట్టి అక్కడికి పరుగెత్తాడు. డబ్బాలో తెచ్చింది సోల కన్నా ఎక్కువే ఉంటుంది. భ్రమరాంబ గారు వేళ్ళతో కదిపి చూశారు, మెత్తగానే ఉందన్నారు, బిడ్డను కోడలి చేతిలో పెట్టారు. తవుడంతా కొంగున పోయించుకుని, ముడి వేసుకుని, కర్ర అందుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళింట్లో గేదె లేదు.